పదకొండో అధ్యాయం, నాలుగో వచనం

దూరాన ఉన్నా నా పక్కనే కూర్చుని తప్పులు దిద్దే నా ఇంటావిడకు,

ఇక్కడ నేనూ, మన పిల్ల పిచ్చుకా ప్రభువు దయవల్ల వేళకు తిండి తింటూ, ఒళ్ళు నొప్పులు తప్ప రోగాలు లేకుండా ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ వార్డులోని ముసలివాళ్ళూ అలాగే ఉన్నారని తలుస్తాను. "అందరూ క్షేమం" అని రాయబోయి, క్షేమం అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకాగిందో చివర్లో చెబుతాను. కంగారుపడకు. అంటే, పడితే పడు గాని నిలబడి చదవకు. డ్యూటీ అయ్యాక, కూర్చుని చదువు.

ముందు నీ పోయిన ఉత్తరానికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేశాను. ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. తిప్పినా రావడం లేదు. రేపు మళ్ళీ విప్పుతాను. నీ ఊలు శాలువా బీరువా పై అరలోనే ఉంది, పురుగు పట్టలేదు, పార్శిలు చేస్తాను. నా మోకాలు ఎప్పటిలాగే నాకంటే ముందు లేచి మూలుగుతోంది. పిచ్చుక తింటోందా అని అడిగావు. తింటోంది. నా ఎదుట మాత్రం కాదు. ప్లేటు పట్టుకుని గదిలోకి వెళ్తుంది, కాసేపటికి కడిగిన ప్లేటు బయటికొస్తుంది. నీ ఫోనుకు ఎందుకు రావడం లేదని అడిగావు. ఆ జవాబు కూడా చివర్లోనే.

"వచనాలు కాదు, వార్తలు రాయండి" అని షరతు పెట్టావు. ఫోనులో నేను పలకరిస్తే హాస్టల్లో నీ పక్క మంచం నర్సమ్మ ఉలిక్కిపడి "ఎవరక్కా, ఫైరింజను వాళ్ళా?" అని అడిగిందన్నావు. సరే, ఒప్పుకున్నాను. అందుకే ఈ కాగితాలు. లేఖనం మాత్రం పక్కన తెరిచే ఉంది, నా చెయ్యి ఊరుకునేది కాదు. ఈ ఉత్తరంలో ఎక్కడ కొట్టివేత కనబడినా అక్కడ ఒక వచనం ఉండేదని అర్థం చేసుకో.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "మీరు లైబ్రరీలో పిల్లల పుస్తకాల ముందు మోకరించి ప్రార్థన చేశారట. టైలరమ్మ రాసింది. మందిరంలో అంతా మీ భక్తి గురించే చెప్పుకుంటున్నారట. నిజమేనా?"

మోకరించిన మాట నిజం. ప్రార్థన అబద్ధం. కింది అరలో పుస్తకం వెతుకుతున్నాను.

ఆ సంగతి మొదటినుంచీ చెబుతాను. ఒకరోజు పనినుంచి ఇంటికొచ్చేసరికి స్నానాల గది తలుపు మూసుంది, లోపల కుళాయి పారుతోంది. నేను కాళ్ళు కడుక్కోవాలని ఎదురుచూశాను. నీళ్ళ చప్పుడు తప్ప మనిషి చప్పుడు లేదు. తలుపు మీద గుద్దాను. పిచ్చుక బయటికొచ్చింది. ఒక్క వెంట్రుకైనా తడవలేదు. చేతిలో తువ్వాలు చుట్ట. ఆ చుట్టను ఉతికే బట్టల బుట్టలో పెట్టి తన గదిలోకి పోయింది. నేను విప్పి చూశాను. లోపల పుస్తకం. అట్ట మీద ఒక పిల్ల మనకు వీపు చూపిస్తూ నది ఒడ్డున నిలబడి ఉంది, ఎదురుగా ఖాళీ పడవ. వెనకవైపు "పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ పాఠకులకు" అని ముద్ర.

నా సంగతి నీకు తెలుసు. నా కప్పు కింద, నా నీళ్ళు వృథా చేస్తూ, లేఖనం ముట్టని చేతుల్లో ఈ చెత్తా! అప్పటికప్పుడు తలుపు కొట్టి నిలదీద్దామనుకున్నాను. ఆగాను. దయతో ఆగలేదు, ప్రసంగానికి సరుకు దొరికిందని ఆగాను. ఆదివారం మందిరంలో ఆ పుస్తకాన్ని అధ్యాయం వారీగా చీల్చి ఎండగట్టాలి. అందుకు సాక్ష్యం కావాలి. తువ్వాలు ఎలా ఉందో అలాగే చుట్టి పెట్టేసి, మర్నాడు ఇంకో ప్రతి కోసం లైబ్రరీకి వెళ్ళాను.

అక్కడి కుర్చీలు నా పిడికిలంత ఉన్నాయి. అరలు నా మోకాలి ఎత్తు. కిందికి దిగక తప్పలేదు. సరిగ్గా అప్పుడే బట్టల డిజైన్ల పత్రిక కోసం వచ్చిన టైలరమ్మ నన్ను చూసి, తలకు కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత నువ్వు విన్నదంతా ఆమె భక్తే గాని నాది కాదు.

లైబ్రరీ అమ్మాయి పుస్తకం తిప్పి చూసి, "ఎవరికండీ?" అంది.

"నాకే."

"ఇది టీనేజీ పిల్లల అర అండీ. పెద్దవాళ్ళ నవలలు పై అంతస్తులో ఉంటాయి."

"లిఫ్టులు బాగుచేసేవాణ్ణి తల్లీ. పై అంతస్తులు చాలా చూశాను. ఇవాళ కిందే పని."

కార్డు చూసింది, నన్ను చూసింది. "యాభై నాలుగా?"

"ఏం, తప్పా?"

"తప్పేముందండీ. ఆలస్యమైందంతే," అని ముద్ర కొట్టింది. ఎగతాళో జాలో తేల్చుకోలేక ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చాను.

మా కంపెనీ చూసే ఆ పాత ఆఫీసు భవనం నీకు గుర్తుంది కదా, దాని మిద్దె మీద లిఫ్టు మోటారు గది. పైన చక్రం తిరుగుతుంటుంది, తాళ్ళు లోపలికి పోయి బయటికొస్తుంటాయి, గ్రీజు వాసన, ఇంకెవరూ రారు. అక్కడ బకెట్ బోర్లించుకుని కూర్చుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని మొదలుపెట్టాను. నా చదువు ఎలాంటిదో తెలుసుగా. అధ్యాయం, వచనం లేనిదే నాకు వాక్యం కనబడదు. అందుకని ప్రతి అధ్యాయంలోనూ వాక్యాలకు పక్కన అంకెలు వేసుకుంటూ పోయాను. ఒకటో అధ్యాయం ఆరో వచనంలో ఆ పిల్ల తండ్రితో అబద్ధమాడింది: గీత. రెండో అధ్యాయం మొదట్లో ఏటవతలికి చెప్పకుండా వెళ్ళింది: రెండు గీతలు. మూడో అధ్యాయందాకా నా పెన్సిలు న్యాయాధిపతిలా నడిచింది.

నాలుగో అధ్యాయంలో ఆ పిల్ల నదిలో పడింది. పెన్సిలు ఎక్కడ జారిపోయిందో నాకు తెలియదు. గంట మోగుతోంది. ఆరో అంతస్తుకీ ఏడుకీ మధ్య ఎవరో ఇరుక్కున్నారు. "ఉండండమ్మా, ఒక్క పేజీ!" అని లిఫ్టు తిరిగే షాఫ్టు గోతిలోకి అరిచాను. నేను అరిస్తే ఎలా వినిపిస్తుందో తెలుసుగా. లోపలున్న ఆవిడ బయటికొచ్చాక అన్న మాటలు రాయను. రాసినా కొట్టేయాల్సినవే.

నవ్వుకో, ఫరవాలేదు. అక్కడే నాకు మొదటి భయం పట్టుకుంది. ఆ కథ తెలుసుకో. పడవ నడిపే ఒకాయన, ఆయన కూతురు. తల్లి పనిమీద దూరాన ఉంటుంది. ఆయన చెడ్డవాడు కాదు, తాగడు, కొట్టడు. గొంతు మాత్రం ఈ ఒడ్డున లేస్తే ఆ ఒడ్డున పక్షులు లేస్తాయి. వాన గురించి చెప్పినా, అన్నం గురించి చెప్పినా, ప్రేమగా చెప్పినా అదే గొంతు. ఆయన్ను నేనెరుగుదును అనిపించింది. ఎవరా అని ఆలోచిస్తూ రెండు అంతస్తులు దిగాను. మూడోది దిగుతుంటే లిఫ్టు అద్దంలో కనబడ్డాడు.

ఇంకోటి చెప్పాలి. నాకు పదహారేళ్ళ వయసు రాలేదు. పదమూడో ఏట బడి మాని గ్రీజు డబ్బా పట్టుకున్నాను. తర్వాత ఒకసారి అద్దంలో చూసుకుంటే మీసాలున్నాయి, మరోసారి చూసుకుంటే పక్కన నువ్వున్నావు. నాకు చదవడం అలవాటు చేసింది లేఖనమే. కాబట్టి పుస్తకాల్లో నాకు తెలిసిన మనుషులంతా రాజులు, ప్రవక్తలు, రోగులు, కాపరులు. ఒక పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, తన చేతులు తనకే పొడుగైపోయాయని, తన నవ్వు తనకే నచ్చడం లేదని, ఇంట్లోవాళ్ళు ఎప్పటి పిల్లతోనో మాట్లాడినట్టు తనతో మాట్లాడుతున్నారని దిగులుపడితే, అది కూడా అచ్చు వేయదగ్గ సంగతని నాకెవరూ చెప్పలేదు. మనుషులు ఆ వయసులో అలా ఉంటారట. ఒక్కణ్ణే చెడిపోయాననుకుని ఆ రోజుల్లో నేను మోకాళ్ళు అరగదీసుకున్నాను. తాళ్ళు పైకీ కిందికీ పోతూనే ఉన్నాయి, నేను బకెట్ మీద కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత ఆగలేదు. ఇంకా తెచ్చుకున్నాను. నత్తి ఉన్న కుర్రాడి కథ, స్నేహం చెడిన ఇద్దరు అమ్మాయిల కథ, తండ్రి పోయాక ఆయన చెప్పులు వేసుకుని తిరిగే పిల్ల కథ. ఈ పుస్తకాల్లో తండ్రులను లెక్కపెట్టి చూశాను. కొందరు ఆఖరి అధ్యాయంలో మారతారు. కొందరు మారేలోపు చచ్చిపోతారు. నడిమధ్యలో మారినవాడు ఒక్కడూ తగల్లేదు.

ప్రార్థనకు కళ్ళు మూస్తే పడవ కనబడేది. లేఖనం తెరిస్తే అక్షరాలు వచ్చేవి గాని అగ్ని వచ్చేది కాదు. ఇది శోధన కాదా? నా దీపంలో చమురు ఎవరు ఒంపేశారు? పుస్తకాన్ని పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంటే తాళం ఎందుకో చెప్పు. తెల్లారితే మళ్ళీ మోటారు గది.

తొమ్మిదో అధ్యాయంలో ఆ పిల్ల మంచం కింద ఒక సంచి ఉంచుతుంది. ఒక్కో వస్తువే అందులో సర్దుతుంది. పళ్ళు తోముకునే బ్రష్షు మాత్రం ఆఖరున పెట్టాలనుకుంటుంది, ఎందుకంటే అది గూట్లో కనబడకపోతే వెళ్ళిపోయిందని వెంటనే తెలిసిపోతుంది. పదకొండో అధ్యాయంలో రేవులో కూర్చుని ఆ పిల్ల తనలో తను అనుకుంటుంది. నాలుగో వచనం: "అరిచేవాళ్ళ దగ్గర్నుంచి ఎవరైనా పారిపోతారు. తలుపు తీసిపెట్టుకుని ఊరికే కూర్చున్నవాళ్ళ దగ్గరికి తిరిగి రావాలనిపిస్తుంది."

పన్నెండో అధ్యాయం "తెల్లారేసరికి గూట్లో బ్రష్షు లేదు" అని మొదలవుతుంది. నేను పుస్తకం మూసేశాను. అదే ఆఖరి అధ్యాయం. చదవలేదు.

ఇదంతా ఆదివారానికి ముందు. ఆదివారం ఏం జరిగిందో ఎవరూ నీకు రాసి ఉండరు, ఎందుకంటే ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు.

ఆ రోజు అంశం తీర్పు. నాకు కొట్టిన పిండి. బల్ల గుద్ది, చెయ్యెత్తి, కిటికీ అద్దాలు అదిరేలా సాగుతున్నాను. వెనక వరసలో పాటల బృందం పిల్లల మధ్య మన పిచ్చుక తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. అది చూస్తూ చూస్తూ, మందిరంలో ఉన్నానని తెలిసి తెలిసి, నా నోరు నన్నడక్కుండా తెరుచుకుంది. నోరు గ్రాంథికానికి అలవాటు పడిందిగా, మాట మోటారు గదిలోంచి మందిరానికి వచ్చేదారిలో అంగీ మార్చుకుంది:

"వాక్యమేమి సెలవిచ్చుచున్నది? కేకలు వేయువాని యొద్దనుండి పిల్లలు పారిపోవుదురు. ద్వారము తెరచి మౌనముగా కూర్చుండువాని యొద్దకు వారు తిరిగి వచ్చెదరు! పదకొండవ అధ్యాయము, నాలుగవ వచనము!"

"ఆమెన్!" అన్నారు. అందరికంటే గట్టిగా బేకరీ పెద్దాయన అన్నాడు. టైలరమ్మ కళ్ళు ఒత్తుకుంది. కాగితాల చప్పుడు వినబడింది, రాసుకుంటున్నారు. అబద్ధ ప్రవక్త అన్న మాట ఎదుటివాళ్ళ మీద ఎన్నిసార్లు విసిరానో నీకు తెలుసు. ఇప్పుడు ఆ మాట గిరగిరా తిరిగి నా నెత్తి మీదే వాలింది.

పిచ్చుక తలెత్తింది. నన్నే చూస్తోంది. దొంగా ఉలిక్కిపడతాడు, పట్టుకున్నవాడూ ఉలిక్కిపడతాడు. మా ఇద్దరిలో ఎవరు ఎవరో నాకు తెలియలేదు. మిగతా ప్రసంగం ఏం చెప్పానో గుర్తులేదు.

బయటికొచ్చాక బేకరీ పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యగారూ, ఇన్నేళ్ళుగా మీ నోట ఉరుములే విన్నాం. ఇవాళ్టి వచనం అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉంది. ఏ గ్రంథంలోదండీ? పేరు చెప్పడం మరిచారు."

"వెతకండి," అన్నాను. అది భక్తిగా వినిపించింది. అది ఉత్త పిరికితనం.

ఆయన వెతికాడు. పాపం, లేఖనంలో ఉన్న గ్రంథాలన్నిటిలో పదకొండో అధ్యాయాలన్నీ తిరగేశాడట. దొరక్క, అంత లోతైన వచనం నాకొక్కడికే తెలుసని మరింత గౌరవం పెంచుకున్నాడు. మందిరం గుమ్మం పక్కన వచనాల బోర్డు ఉంది కదా, దానిమీద ఈసారి అదే రాయించాలని పెద్దలంతా తీర్మానించారు. శనివారం సాయంత్రం రమ్మని పెయింటరును కుదిర్చారు. వచనం కింద గ్రంథం పేరు వేయాలి కదా, నన్నూ రమ్మన్నారు.

ఇక ఇప్పుడు చెప్పాలి. ఇక్కడ రెండు పంక్తులు కొట్టేశాను, వచనం కాదు, సాకు.

నాకు ఆదివారం నోరు జారడానికి కారణం పుస్తకం ఒక్కటే కాదు. తొమ్మిదో అధ్యాయం చదివిన రోజే పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాను. పిచ్చుక క్లాసుకు వెళ్ళింది. దాని గదిలోకి వెళ్ళాను. కథలో ఉన్నది ఇంట్లో ఎందుకుంటుందిలే అని నన్ను నేనే తిట్టుకుంటూ, ఈ మోకాళ్ళ మీదే దిగి మంచం కిందికి చూశాను.

ఉంది. నువ్వు వెళ్ళేటప్పుడు పెద్దదైపోయిందని వదిలేసిన నీలం సంచి. జిప్పు తీశాను. రెండు జతల బట్టలు, దాని సర్టిఫికెట్లు, సబ్బు, నువ్వు కుట్టిచ్చిన దిండు గలీబు. అడుగున నీ ఉత్తరాల కవర్లు, రిబ్బనుతో కట్టి, నీ అడ్రసు పైకి కనబడేలా. ఉత్తరాలు చదవలేదు. ఒట్టు వేయకూడదు గాని చదవలేదు. బ్రష్షు లేదు.

ఎలా ఉన్నది అలా పెట్టేశాను. నిలదీయలేదు. ఏమని అడగను? "నీ పుస్తకం దొంగతనంగా చదివి, నీ మంచం కింద దొంగతనంగా చూశాను, ఎందుకు వెళ్ళిపోతున్నావు" అనా? నోరు తెరిస్తే కేకే వస్తుంది. ఆ కేకకే అది సంచి సర్దుకుంది. నీ ఫోనుకు ఎందుకు రాదంటే, నీ గొంతు వింటే నీ దగ్గరికి వస్తానని చెప్పేస్తుంది, నువ్వు వద్దంటావు. అందుకు. నాకలా అనిపిస్తోంది, కథల్లో చదివి చదివి.

ఆ రోజునుంచి నేను పొద్దున లేవగానే ప్రార్థన చేయడం లేదు. ముందు స్నానాల గది గూట్లోకి చూస్తున్నాను. ఆకుపచ్చ బ్రష్షు కనబడితేనే మోకాళ్ళు వంగుతున్నాయి. క్షేమం అన్న మాట దగ్గర కలం ఎందుకాగిందో తెలిసిందా? ఇప్పుడు నాకు క్షేమం అంటే అదే. ఈ ఉదయం బ్రష్షు ఉంది.

శనివారం మందిరానికి వెళ్ళాను. పెయింటరు నిచ్చెన ఎక్కి, వచనం ఆఖరి మాటదాకా రాసేశాడు. కింద పెద్దాయన మురిసిపోతూ నిలబడ్డాడు. పాటల సాధన అయిపోయి పిల్లలు మెట్లు దిగుతున్నారు, అందులో పిచ్చుకా ఉంది.

"అయ్యగారొచ్చారు. చెప్పండి, ఏ గ్రంథం వేయమంటారు?" అన్నాడు పెయింటరు, కుంచె గాల్లో పెట్టి.

ఏదో ఒక పేరు చెప్పేయొచ్చు. ఎవరూ పట్టుకోలేరు, ఒక్కతి తప్ప. ఆ ఒక్కతి మెట్టు మీద ఆగింది.

"అది లేఖనంలో లేదు," అన్నాను.

"ఆఁ? గట్టిగా చెప్పండయ్యగారూ, వినబడలేదు," అన్నాడు పెద్దాయన. చూడు, నన్ను గట్టిగా చెప్పమన్న మొదటి మనిషి ఆయనే.

"లేఖనంలో లేదు. నా కూతురి వయసువాళ్ళు చదువుకునే నవలలో ఉంది. నేను చదివాను. బాగుందని గుర్తుపెట్టుకున్నాను. వాక్యమని చెప్పడం నా తప్పు."

పెద్దాయన ముఖం మాడిపోయింది. "అంటే, మేమంతా పిల్లల కథకి ఆమెన్ అన్నామా?"

"అన్నారండీ. నేనే అనిపించాను."

"ఇది నవ్వులాటనుకుంటున్నారా? పెద్దలం కూర్చుని మాట్లాడాలి. అప్పటిదాకా మీరు ప్రసంగం బల్ల దగ్గరికి రాకండి."

"రాను."

"ఇంతకీ నన్ను దిగమంటారా, ఉండమంటారా?" అన్నాడు పెయింటరు. అతను "తిరిగి వచ్చె" దగ్గర ఆపేసి దిగాడు. ఇప్పటికీ బోర్డు మీద అంతే ఉంది.

బల్ల పోతే ఊపిరి పోతుందనుకునేవాణ్ణి. ఆ క్షణం దాని ఊసే తట్టలేదు. పిచ్చుక నా వెనకే వస్తోందా లేదా అని మాత్రమే వింటున్నాను. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు. చెప్పుల దుకాణం దాటాక కుడికాలి చెప్పు ఈడుస్తున్న చప్పుడు వినబడింది. సిగ్నలు దగ్గర పక్కకొచ్చి నిలబడింది.

"అది ఏ బుక్కో నాకు తెలుసు," అంది రోడ్డువైపు చూస్తూ.

"ఊఁ."

"నాదా తీశారు?"

"కాదు. లైబ్రరీలో ఇంకోటుంది. నా కార్డు మీద తెచ్చుకున్నా."

"మీకు కార్డుందా!" చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని నవ్వింది. నేను విన్నాను. "మరి మొత్తం చదివారా?"

"లేదు. పన్నెండు మొదట్లో ఆపేశా."

"ఎందుకు?"

నోటిదాకా వచనాలు దండుగా వచ్చాయి. అన్నిటినీ మింగాను. "భయమేసింది," అన్నాను.

సిగ్నలు మారింది. జనం దాటారు. మేం దాటలేదు. మళ్ళీ ఎర్రదీపం పడింది.

"నేనూ అక్కడే ఆపేశా," అంది. చాలా మెల్లగా, "నువ్వు ముందు చదివి చెప్పు నాన్నా," అంది.

విన్నావా? నువ్వు అంది. ఎప్పటినుంచి నన్ను మీరు అంటోందో నీకు గుర్తుందా? మెడ చుట్టూ చేతులేసి "నువ్వు నువ్వు" అంటూ తిరిగిన పిల్ల ఒకరోజు మీరు అంది, నేను మర్యాద నేర్చిందని మందిరంలో సాక్ష్యం చెప్పుకున్నాను. అది మర్యాద కాదు. నా గొంతుకీ తనకీ మధ్య వేసుకున్న తలుపు. నాకు ఇప్పుడు తెలిసింది.

"ఇద్దరం కలిసి చదువుదాం," అన్నాను.

"నువ్వే చదువు. కాని ప్రసంగంలా కాదు. మామూలుగా."

మామూలుగా ఎలా చదువుతారో నాకు తెలియదని చెప్పలేదు. సంచి మాట నేనెత్తలేదు, అదీ ఎత్తలేదు. సంచి అక్కడే ఉంది, ఈ మధ్యాహ్నం కూడా చూశాను. ఒక్క మాటతో అంతా సర్దుకుందని నీకు రాయలేను. ఆ పన్నెండో అధ్యాయంలో ఏముందో నాకు తెలియదు. ఆ పిల్ల తిరిగొస్తే సరే. రాకపోతే, అది నా గొంతుతోనే, నా కూతురికి నేనే చదివి వినిపించాలి. సగం చదివాక పుస్తకం మూసి లేచి వెళ్ళిపోతే? విని, "అయితే నేనూ" అనుకుంటే? తీర్పు గురించి అన్నేళ్ళు గర్జించినవాడికి ఒక పిల్లల నవల చివరంటే ఇంత భయం. నా అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

నీకు ఒక్కటే మనవి. ఒకవేళ నీలం సంచితో ఒకరోజు అది నీ హాస్టలు గుమ్మంలో నిలబడితే, తిప్పి పంపకు. ఎందుకొచ్చావని అడక్కు. అన్నం పెట్టి, నాకు ఒక్క ముక్క రాయి. నేను ఫోను చేయను, పరిగెత్తుకుని రాను. ఇక్కడ తలుపు తీసిపెట్టుకుని కూర్చుంటాను. అరవకుండా కూర్చోవడం ఇప్పటినుంచే నేర్చుకుంటున్నాను.

క్లాసు అయ్యే వేళయింది. రాగానే చదువుదామంది. పుస్తకం బల్ల మీద ఉంది, పన్నెండో అధ్యాయంలో నేను అంకెలు వేయలేదు. ముందు తలుపు బార్లా తీసి ఉంచాను; పక్క ఫ్లాటువాళ్ళు దొంగలు పడ్డారేమోనని తొంగిచూసి వెళ్ళారు. లిఫ్టు పైకొస్తున్న చప్పుడు వినబడుతోంది. మన అంతస్తు దాటి పోయింది. మళ్ళీ కిందికి దిగింది.

మళ్ళీ వస్తోంది.

ఆగింది. కుడికాలి చెప్పు ఈడుస్తున్న చప్పుడు.

ఇక రాయలేను. గొంతు తగ్గించుకోవాలి.

ఇట్లు,
నిన్ను తలుచుకుంటూ, తలుపుకు ఎదురుగా కూర్చుని ఉన్న
మన పిచ్చుక నాన్న